పూలలోయకి వెళ్తున్నాం: చేతికర్రలు కొనాలా, అద్దెకి తీసుకోవాలా?

గట్టుమీద_నడక (అంబాజీపేట), జూన్ 21, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. ఆగస్టు మొదటి వారంలో మేం నలుగురం, అంటే నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న, ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ నేషనల్ పార్కుకి వెళ్తున్నాం. ఓపికుంటే ఆ పక్కనే కొండమీదున్న సిక్కుల గురుద్వారా హేమకుండ్ సాహిబ్ కూడా. రైలు టికెట్లు అయిపోయాయి, రిషీకేశ్ నుంచి గోవింద్‌ఘాట్‌కి బండి మాట్లాడేశాం. ఇక మిగిలింది కర్రల గొడవే.

అమ్మకి 58, నాన్నకి 63. మెట్లు దిగేటప్పుడు అమ్మకి కుడి మోకాలు పట్టేస్తుంది. ఎక్కడం సంగతి ఎలా ఉన్నా దిగడం తలుచుకుంటేనే టెన్షన్. కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళం, మాకు తెలిసిన కొండ ఏటిగట్టు ఒక్కటే.

రిషీకేశ్‌లో ఒక షాపతన్ని ఫోన్‌లో అడిగితే కర్రకి రోజుకి 60 రూపాయలు, డిపాజిట్ వేరే అన్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్కోటి 900 నుంచి 6,000 దాకా ఉన్నాయి. అమ్మానాన్నలకి రెండేసి, మా ఇద్దరికీ ఒక్కోటి, మొత్తం ఆరు కావాలి. దీని తర్వాత మళ్ళీ కొండెక్కుతామో లేదో తెలీదు. కొనమంటారా, అద్దె చాలంటారా?

లాకుల_దగ్గర (ధవళేశ్వరం), జూన్ 21, రాత్రి 10:05

ఆరు కర్రలంటే పందిరి వేస్తున్నారేమో అనుకున్నానండి. మన పాపికొండలు కూడా 2008 నుంచి నేషనల్ పార్కేనండోయ్. లాంచీ ఎక్కి కూర్చుంటే కర్రా అక్కర్లేదు, మోకాలూ అక్కర్లేదు, భోజనం కూడా వాళ్ళే పెడతారు.

గట్టుమీద_నడక, రాత్రి 10:11

పాపికొండలు మూడుసార్లు అయ్యాయండి. అమ్మకి పూలే కావాలి.

పాత_సైకిలు (తణుకు), జూన్ 22, ఉదయం 6:15

నేను రెండుసార్లు వెళ్ళాను. ముందు దారి ఎలాంటిదో చెబుతాను, కర్రల లెక్క దాన్నిబట్టే తేలుతుంది.

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు జీపులో పోవచ్చు. అక్కణ్ణుంచి ఘంగారియాకి దాదాపు పది కిలోమీటర్ల నడక. సగం దాటాక ఒక వంతెన వస్తుంది, అక్కణ్ణుంచి దారి నిక్కచ్చిగా పైకే. ఘంగారియా సుమారు 3,050 మీటర్ల ఎత్తు. ఉండేది అక్కడే, లోయలో రాత్రి ఉండనివ్వరు. మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర టికెట్ తీసుకుని వెళ్ళి, చీకటి పడకముందే తిరిగొచ్చేయాలి. గేటు దాటాక గుర్రాలు ఉండవు, మీ కాళ్ళే గతి. హేమకుండ్ దారి వేరు. ఆరు కిలోమీటర్లే గానీ ఆ ఆరింటిలోనే 1,200 మీటర్లకి పైగా ఎక్కాలి. అది మాత్రం గుర్రం మీద పోవచ్చు.

ఇప్పుడు అద్దె. రిషీకేశ్‌లో తీసుకుంటే గోవింద్‌ఘాట్‌కి బండిలో ఒక రోజు, పైకి నడక ఒక రోజు, లోయ ఒక రోజు, హేమకుండ్ ఒక రోజు, దిగడం ఒక రోజు, మళ్ళీ బండిలో ఒక రోజు. ఆరు రోజులు. ఆరు కర్రలకి రోజుకి 60 చొప్పున 2,160. ఇందులో రెండు రోజులు కర్రలు డిక్కీలో పడుకుంటాయి, వాటి నిద్రకి కూడా మీరే డబ్బు కట్టాలి. ఆగస్టులో ఆ రోడ్డు మీద కొండచరియలు పడి బళ్ళు ఆగిపోవడం మామూలే, అలా ఒక రోజు చిక్కుకుంటే ఇంకో 360.

నా మాట వింటే గోవింద్‌ఘాట్‌లోనే మామూలు చెక్క కర్రలు కొనుక్కోండి. హేమకుండ్‌కి వెళ్ళే సిక్కు పెద్దలందరి చేతుల్లోనూ అవే ఉంటాయి. మిఠాయి పొట్లం ఖరీదు కూడా ఉండవు.

ఇంకో మాట. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ ఫ్రాంక్ స్మైత్ అనే ఇంగ్లీషాయన బృందం దారి తప్పి ఈ లోయలోకి దిగింది. లోకానికి ఈ లోయ పేరు తెలిసింది అలాగే.

లాకుల_దగ్గర, ఉదయం 7:02

ఆయన కర్రలు సొంతవా, అద్దెవా అండీ?

డాబామీద_మొక్కలు (భీమవరం), జూన్ 22, ఉదయం 11:30

అద్దె అంటే నాకు కడుపు మండుతుంది, అందుకే రాస్తున్నాను. మూడేళ్ళ కిందట వేరే ట్రెక్‌కి వెళ్ళినప్పుడు అద్దెకి తీసుకున్నాను. ఊరు, షాపు పేరు వద్దులెండి. గొట్టంలోంచి గొట్టం లాగి పొడుగు చేసుకుని, తిప్పి బిగించే రకం కర్రలు. షాపులో బానే బిగిసింది. రెండో రోజు దిగుడులో బరువంతా దాని మీద వేశాను, నిలబెట్టిన గొడుగు ముడుచుకున్నట్టు సర్రున లోపలికి పోయింది. నేను మోకాళ్ళ మీద పడ్డాను. లోపల బిగింపు ప్లాస్టిక్ అరిగిపోయిందని తర్వాత తెలిసింది. తిరిగిచ్చేటప్పుడు, కొన గీసుకుపోయిందని డిపాజిట్‌లో కోత కూడా పెట్టాడు!

అద్దెకే తీసుకుంటే షాపులోనే కర్రని మీ ఎత్తుకి సరిపెట్టి బిగించి, రెండు చేతులూ పిడి మీద పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కండి. ఒక్కొక్క కర్రనీ అలా చూడండి, షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి. బయటికి మీట కనబడే రకం, అంటే క్లిప్‌లా నొక్కి మూసే లాక్ ఉన్నదే అడగండి. అది వదులైతే బయటే ఉన్న చిన్న స్క్రూ తిప్పితే సరిపోతుంది. తిప్పి బిగించే రకం తడిలో, చలికి మొద్దుబారిన వేళ్ళతో అసలు మాట వినదు. చేతికిచ్చేముందే నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి.

మోకాలిచిప్ప (కాకినాడ), జూన్ 22, మధ్యాహ్నం 2:20

ఫిజియోథెరపిస్టుని. అమ్మగారి మోకాలు అన్నారు కాబట్టి నాలుగు మాటలు.

ముందు ఇక్కడే ఎవరైనా ఎముకల డాక్టరుకి చూపించండి. కర్ర ఊతమే, మందు కాదు. ఆ ఊతం చిన్నదేమీ కాదు. 1999లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పరిశోధకులు ఏటవాలు దిగేటప్పుడు మోకాలి మీద పడే భారం కొలిచారు. రెండు కర్రలు వాడినప్పుడు అది 12 నుంచి 25 శాతం దాకా తగ్గింది. పరీక్షించింది కొద్దిమందినే గానీ, దిగేటప్పుడు మోకాలికి ఒరిగేది ఏమిటో దాంట్లో తెలుస్తుంది. అయితే చేతులతో నిజంగా నొక్కాలి. చాలామంది కర్రని పెళ్ళిలో పూలదండలా పట్టుకుని నడుస్తారు, దానివల్ల మోకాలికి ఏమీ కలిసిరాదు.

ఎత్తు సంగతి. నేల మీద కొన ఆనించి పిడి పట్టుకుంటే మోచేయి మూలమట్టంలా ఉండాలి. అమ్మగారు అయిదడుగులు ఉంటారనుకుంటే సుమారు 105 సెంటీమీటర్లు. ఎక్కేటప్పుడు అయిదు సెంటీమీటర్లు తగ్గించండి, దిగేటప్పుడు అయిదు నుంచి పది పెంచండి. పాత_సైకిలు గారు చెప్పిన చెక్క కర్రతో చిక్కంతా ఇక్కడే. అది పెరగదు, తరగదు. పొట్టివాళ్ళకి పొడుగు కర్ర ఇస్తే భుజం నొప్పి కొత్తగా మొదలవుతుంది.

పిడికి ఉండే పట్టీలోకి చేయి కింది నుంచి పైకి పోనిచ్చి, పట్టీతో కలిపి పిడి పట్టుకోవాలి. అప్పుడు బరువు మణికట్టు మీద పడుతుంది, వేళ్ళు బిగపట్టాల్సిన పని ఉండదు. ఒక్క కర్రే ఉంటే నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. అమ్మగారిది కుడి మోకాలు కాబట్టి ఎడమ చేతిలో. మా దగ్గరకి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు.

కార్బన్_బాబు (హైదరాబాద్, సొంతూరు రాజోలు), జూన్ 22, సాయంత్రం 6:48

ఎందుకండీ ఇన్ని లెక్కలు. ఒక్కసారి మంచి కార్బన్ ఫైబర్ జత కొనేయండి. జత 400 గ్రాములు కూడా ఉండదు. అల్యూమినియం జత అరకిలో పైమాటే. రోజంతా చేతిలో ఎత్తి దించే వస్తువు, ఆ తేడా సాయంత్రానికి తెలుస్తుంది.

పాత_సైకిలు, సాయంత్రం 7:30

తెలుస్తుంది బాబూ, విరిగినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. రాళ్ళ సందులో కొన ఇరుక్కుని పక్కకి ఒరిగితే అల్యూమినియం వంగుతుంది, మోకాలికి ఆనించి సరిచేసుకుని ఊరు చేరొచ్చు. కార్బన్ ఫటుక్కుమంటుంది. హేమకుండ్ దారంతా రాళ్ళే. ఆ సొమ్ముతో అమ్మగారికి మంచి బూట్లు కొనమనండి.

కార్బన్_బాబు, సాయంత్రం 7:41

నాలుగేళ్ళుగా వాడుతున్నాను, విరగలేదు.

పాత_సైకిలు, సాయంత్రం 7:44

నీ వయసెంత?

కార్బన్_బాబు, సాయంత్రం 7:45

29. సరేలెండి.

ఉప్పుగాలి (అంతర్వేది), జూన్ 23, ఉదయం 8:10

కొనమని చెప్పేవాళ్ళెవరూ ఒక సంగతి చెప్పలేదు. కొన్నాక దాన్ని మిగతా 360 రోజులు ఎక్కడ పెడతారు?

నేను రెండేళ్ళ కిందట అల్యూమినియం జత కొన్నాను. ట్రెక్ నుంచి రాగానే తడిపొడిగా ముడిచి అటక మీద పడేశాను. సముద్రం మా ఇంటికి కూతవేటు దూరం. ఏడాది తర్వాత తీస్తే గొట్టాలు ఒకదాంట్లో ఒకటి అతుక్కుపోయాయి. లోపలంతా తెల్లటి పొడి, అల్యూమినియం పట్టే తుప్పు అదే. నేనూ మా బావమరిదీ చెరోవైపు పట్టుకుని లాగాం. చూసినవాళ్ళు తాడాట అనుకున్నారు. ఒకటి ఊడింది, రెండోది ఇప్పటికీ అలాగే ఉంది, మా ఆవిడ దాంతో మామిడికాయలు కోస్తోంది.

కాబట్టి కొంటే, రాగానే మూడు ముక్కలూ పూర్తిగా ఊడదీసి మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టండి. నూనె మాత్రం రాయొద్దు, లాక్ జారిపోతుంది. ముక్కలు విడివిడిగానే గుడ్డలో చుట్టి దాచండి. డెల్టాలో ఉండేవాళ్ళకి అద్దె నయమనిపించేది ఈ చాకిరీ చూసే.

దింపు_మేస్త్రి (ముమ్మిడివరం), జూన్ 23, ఉదయం 9:25

మా దొడ్లో వెదురుంది. వచ్చి ఆరు కర్రలు కొట్టుకెళ్ళండి, డబ్బులొద్దు. పడవ గెడ వేసే చేతులు మనవి, కర్ర పట్టుకోవడం మనకి ఒకరు నేర్పాలా?

గట్టుమీద_నడక, జూన్ 23, రాత్రి 8:55

మేస్త్రిగారూ, మీ అభిమానానికి దండం. ఆరు వెదురు కర్రలతో రైల్లో స్లీపర్ బెర్తుల మధ్య నాన్న నన్ను ఏమంటారో ఊహించుకోగలను.

చదివినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. అమ్మకి మాత్రం సొంతంగా రెండు, మీట లాక్ ఉన్న అల్యూమినియంవి. ఎత్తు మార్చుకోవచ్చు, ఇక్కడే అలవాటు చేసుకోవచ్చు. మా ఇద్దరికీ గోవింద్‌ఘాట్ చెక్క కర్రలు. నాన్న సంగతే తేలట్లేదు. "నాకెందుకురా, నేనేమైనా ముసలాణ్ణా" అంటున్నారు.

ఇంకొకటి. అలవాటు చేసుకోవడం ఎక్కడ? మాకు చదునే కదా.

డాబామీద_మొక్కలు, రాత్రి 9:20

కోరుకొండ నరసింహస్వామి మెట్లు. రాజమండ్రి దగ్గరే. నిటారుగా ఉంటాయి, దిగుడు బాగా అలవాటవుతుంది. పొద్దున్న ఆరింటికల్లా మొదలుపెట్టండి, ఎండెక్కితే రాయి కాలుతుంది. వారానికి రెండుసార్లు చాలు. ఊళ్ళో ఉన్న రోజుల్లో ఏటిగట్టు వాలు ఎక్కడం, దిగడం, ఓ ఇరవైసార్లు. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

ఉప్పుగాలి, రాత్రి 9:34

చేను గట్ల మీద మాత్రం వద్దండి. తడి రేగడిలో కర్ర జానెడు దిగిపోతుంది, లాగితే కొన దగ్గరి ప్లాస్టిక్ బిళ్ళ ఊడి అందులోనే ఉండిపోతుంది. ఆ బిళ్ళ ఉన్నదే దిగబడకుండా ఆపడానికి, కానీ మన బురద దాని లెక్కలో లేదు.

పాత_సైకిలు, జూన్ 24, ఉదయం 6:05

కొన సంగతి వచ్చింది కాబట్టి. లోహపు కొన మట్టిలో, గడ్డిలో పట్టుకుంటుంది. తడిసిన నున్నటి బండ మీద జారుతుంది, అక్కడ కొనకి తొడిగే రబ్బరు టోపీ మేలు. లోయలో దారి చాలామటుకు రాళ్ళు పరిచినదే, పైగా ఆగస్టంటే రోజూ వాన. టోపీలు పెట్టుకునే వెళ్ళండి, లోహపు కొనతో బాట పక్కన మొక్కల్ని పొడవకుండా కూడా ఉంటుంది. టోపీలు రెండు ఎక్కువ తీసుకెళ్ళండి, అవి ఊడిపోవడానికే పుట్టాయి.

గుర్రాలు ఎదురైతే కొండవైపు నిలబడండి, లోయవైపు కాదు. బరువు మూటలు తగిలితే అవతలికి పోతారు. కర్రలు రెండూ ఒంటికి ఆనించి పట్టుకోవాలి, అడ్డంగా చాస్తే గుర్రం బెదురుతుంది.

తిరుగు ప్రయాణం విమానంలో అయితే కర్రలు లగేజీలో వేసేయండి. మొనతేలిన వస్తువు, చేతిలో పట్టుకెళ్తే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు.

లాకుల_దగ్గర, జూన్ 24, ఉదయం 7:50

ఇంతసేపూ వెటకారం చేశాను గానీ, మా ఇంట్లో రెండు కర్రలున్నాయండి. మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చినప్పుడు తెచ్చి, ఇక్కడ కొండలేవీ కనబడక వదిలేసి వెళ్ళాడు. మీట లాకులే. ఉప్పుగాలి గారు చెప్పింది చదివి ఇప్పుడే లాగి చూశాను, వచ్చాయి. మీ నాన్నగారికి తీసుకెళ్ళండి. అద్దె లేదు, డిపాజిట్ లేదు. ముసలితనం గురించి అడిగితే అమెరికా కుర్రాడి కర్రలని చెప్పండి.

వేదిక_నిర్వాహకుడు, ఉదయం 8:00

ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టకుండా సొంత సందేశంలో మాట్లాడుకోగలరు.

గట్టుమీద_నడక, ఆగస్టు 17, రాత్రి 10:30

వచ్చేశామండి. నలుగురం, ఎనిమిది మోకాళ్ళు, క్షేమం. చెప్పమని ముగ్గురు సందేశం పెట్టారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నెలరోజులు కోరుకొండ వెళ్ళాం. మొదటి రోజు అమ్మ కర్రలు రెండూ ఒక చంకలో పెట్టుకుని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని దిగింది. నాలుగోసారికి నా చెయ్యి వదిలేసింది. డాక్టరు అరుగుదల మొదలైందని, తొడ కండరాలకి వ్యాయామాలు చెప్పి, నెమ్మదిగా వెళ్ళమన్నారు.

పుల్నా నుంచి ఘంగారియా దాకా నాన్న తన కర్రలు నా చేత మోయించారు. ఆ వంతెన దాటాక ఎక్కుడు మొదలైన పావుగంటకి ఏమీ మాట్లాడకుండా చెయ్యి చాపారు. అప్పటినుంచి రైలెక్కేదాకా ఎవరికీ ఇవ్వలేదు.

లోయలో దారి పొడుగునా వాన. గులాబీరంగు కాశీతుమ్మ పూలు మనిషెత్తున, కొండ మొత్తం అవే. మన పెరట్లో కాశీతుమ్మ ఇంత పెరుగుతుందా అని అమ్మ ప్రతి మలుపులోనూ ఆగింది. పుష్పావతి నది కనబడే చోట బండ మీద కూర్చుని పులిహోర తిన్నాం. తడి బండల మీద రబ్బరు టోపీ పట్టు నిజమే. మా ఆవిడ చెక్క కర్ర రెండుసార్లు జారింది. పైగా అది ఆవిడ భుజం దాటి ఉంది, మోకాలిచిప్ప గారు చెప్పినట్టే సాయంత్రానికి భుజం పట్టేసింది. నాకు మాత్రం అదే చెక్క కర్ర హాయిగా సరిపోయింది. అంటే మనిషి పొడుగుదే తేడా.

హేమకుండ్‌కి అమ్మ గుర్రం మీద ఎక్కింది. దిగేటప్పుడు గుర్రం మీద ముందుకి తూలుతోందని దిగిపోయి, ఆరు కిలోమీటర్లూ రెండు కర్రలతో నడిచింది. అయిదు గంటలు పట్టింది. కర్రలు పది సెంటీమీటర్లు పెంచాం. మధ్యలో గుర్రపు పేడ, వాన కలిసిన చోట నేను జారి కూర్చున్నాను, అమ్మ నిలబడే ఉంది. మర్నాడు మోకాలు కొంచెం వాచింది, ఐసు పెట్టాం, రెండు రోజుల్లో తగ్గింది. పైన గురుద్వారాలో పెట్టిన వేడి కిచిడీ గురించి ఇంకోసారి రాస్తాను.

ఖర్చు: అమ్మ కర్రలు రెండూ కలిపి 1,900. చెక్కవి రెండూ వంద లోపే. నాది పుల్నాలో పైకి వెళ్తున్న ఒక పంజాబీ పెద్దాయనకి ఇచ్చేశాను. మా ఆవిడది ఆవిడ ఇవ్వలేదు, రైల్లో ఇంటిదాకా తెచ్చి చిక్కుడు పాదుకి పాతింది. అమ్మవి ఊడదీసి ఆరబెట్టాను, మా పెద్దమ్మ అప్పుడే కార్తీకమాసంలో అరుణాచలం గిరిప్రదక్షిణకి అడిగింది.

లాకుల_దగ్గర గారూ, మీకొక తప్పు చెప్పుకోవాలి. మీ అబ్బాయి కర్రకి ఒక రబ్బరు టోపీ వాగు పక్క బురదలో ఉండిపోయింది. చేయి పెట్టి వెతికాను, దొరకలేదు. నా దగ్గరున్నవి దానికి వదులుగా ఉన్నాయి. కొన లావు ఎంతో చెబితే తెప్పిస్తాను.

పాత_సైకిలు, ఆగస్టు 18, ఉదయం 5:58

చెప్పానా, ఊడిపోవడానికే పుట్టాయని. సాధారణంగా 11 లేదా 12 మిల్లీమీటర్లు ఉంటుంది. ఉన్న టోపీని తీసి లోపల స్కేలు పెట్టి కొలవండి.

దింపు_మేస్త్రి, ఉదయం 8:40

వెదురు కర్రకి టోపీ గొడవ ఉండేది కాదు.

కొత్తగా_వచ్చా (మండపేట), ఆగస్టు 18, మధ్యాహ్నం 1:15

నమస్తే అండీ, ఈ చర్చ మొత్తం చదివాను. మేం అక్టోబరులో మున్నార్ దగ్గర ఎరవికుళం నేషనల్ పార్కు, పక్కనున్న కొండలు చూడ్డానికి వెళ్తున్నాం. లాకుల_దగ్గర గారి కర్రలు అప్పటికి ఖాళీయేనా?

లాకుల_దగ్గర, మధ్యాహ్నం 1:32

ఖాళీయేనండి. టోపీ మాత్రం ఒక్కటే ఉంది, రెండోది పూలలోయలో కాపురం పెట్టింది.